మా కళ్లంలో మాలెమె: నా అనుభవం

మే నెలలో గోదావరి కాలువలు కట్టేసిన తరువాత మా ఊరి పంటకాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. గట్టు మీద ఉదయం, సాయంత్రం సైన్యంలో చేరదలచినవాళ్లు పరుగు తీస్తుంటారు. సైన్యంలో కబుర్లు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి హవల్దారుగా పింఛను మీద ఇంటికి వచ్చినవాణ్ణి కనుక, ఆ పరుగుకు గడియారం పట్టుకుని నిలబడే పని ఎవరూ అప్పగించకుండానే నా మీద పడింది. 1600 మీటర్లు పూర్తిచేసి గట్టు మీద కూలబడ్డాక వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం కూడా ఆ పనిలో భాగమే అయింది. పోయిన వేసవిలో ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. దాన్ని సరిదిద్దుకోవడానికి, గ్రీసు దేశపు క్రీట్ దీవిలో మాలెమె విమానాశ్రయం కోసం 1941లో జరిగిన పోరును మా కళ్లంలో ఆడించవలసి వచ్చింది. దానికి మూడు వారాలు పట్టింది, ఒక గడ్డిమేటు పాడైంది, ఇద్దరు స్నేహితులు వారం రోజులు మాట్లాడుకోలేదు.

అతను ఫోనులో చూపించినది 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ రాజధాని కీవ్‌కు వాయవ్యంగా ఉన్న హోస్తోమెల్ విమానాశ్రయం మీదికి రష్యా హెలికాప్టర్లు నీళ్ల మీద కొంగల్లా కిందికి వాలి వస్తున్న దృశ్యం. "బాబాయ్ గారూ, హెలికాప్టర్లు దిగిపోయాయి కదండీ, విమానాశ్రయం చేతికి వచ్చేసింది కదండీ, మరి కీవ్ ఎందుకు పడలేదండీ?" అని అడిగాడు. ఉక్రెయిన్ వాళ్లు గట్టిగా పోరాడారు కాబట్టి అన్నాను. అది అబద్ధం కాదు, కానీ అందులో విషయమేమీ లేదు. గట్టిగా పోరాడి కూడా విమానాశ్రయాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

ఆ రాత్రి సరిగా ఆలోచిస్తే జవాబు వేరుగా కనిపించింది. హెలికాప్టర్లలో వచ్చేవాళ్లు కొన్ని వందల మంది. వాళ్ల దగ్గర భారీ ఫిరంగులు ఉండవు, మోసుకొచ్చినంత మందుగుండే ఉంటుంది. వాళ్లు వచ్చేది ఊరిని గెలవడానికి కాదు, వెనకాల వచ్చే పెద్ద విమానాలకు తలుపు తీయడానికి. హోస్తోమెల్‌లో మూడున్నర కిలోమీటర్ల రన్‌వే ఉంది. బరువైన ఇల్యూషిన్ రవాణా విమానాలు అక్కడ దిగి ఉంటే గంటల వ్యవధిలో వేలమంది సైనికులు, వాహనాలు కీవ్ గుమ్మంలో ఉండేవి. అక్కడ కాపలా ఉన్న ఉక్రెయిన్ నేషనల్ గార్డ్ దళంలో చాలామంది అప్పటికే తూర్పు సరిహద్దుకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు భుజం మీద పెట్టి పేల్చే క్షిపణులతో కొన్ని హెలికాప్టర్లను కూల్చి, మందుగుండు అయిపోయాక వెనక్కి తగ్గారు. అయితే వాళ్ల ఫిరంగులు ఆ రన్‌వేను కొడుతూనే ఉన్నాయి, ఎదురుదాడి కూడా జరిగింది. పెద్ద విమానాలు దిగలేదు. మర్నాడు బెలారుస్ వైపునుంచి నేలమీద వచ్చిన సేన ఆ విమానాశ్రయాన్ని పట్టుకుంది గానీ అప్పటికి ఆ తలుపుతో పని తీరిపోయింది. మార్చి చివరికి దాన్ని కూడా వదిలి వెళ్లారు.

ఇంత చెప్పినా కుర్రవాళ్లకు అది వార్తలాగే ఉంది. పటం మీద గీత గీసి చూపిస్తే తల ఊపారు. చదువు చెప్పిన అనుభవం నాకు లేదు గానీ, తల ఊపడానికీ అర్థం కావడానికీ ఉన్న తేడా జబల్‌పూర్ శిక్షణ కేంద్రంలో మా ఉస్తాదుల దగ్గర బాగానే నేర్చుకున్నాను. వాళ్లు ఏది నేర్పాలన్నా ముందు మట్టితో నేలను తయారుచేసేవారు. కొండకు కుప్ప, నదికి గీత, రోడ్డుకు సున్నం. అందుకని ఒక విమానాశ్రయం కోసం జరిగిన పోరును మట్టితో కాక, ఏకంగా మా కళ్లంలో మనుషులతో ఆడించి చూద్దామనుకున్నాను.

ఏ పోరు అన్న దగ్గర కొంత తర్జనభర్జన పడ్డాను. పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో అమెరికన్లు 1942 ఆగస్టులో పట్టుకుని నెలల తరబడి నిలబెట్టుకున్న హెండర్సన్ ఫీల్డ్ విమానాశ్రయం ఉంది, కానీ దానికి సముద్రమూ యుద్ధనౌకలూ కావాలి. మన శ్రీనగర్ ఉంది, కానీ దాన్ని నేను వేరే కారణంతో చివరికి దాచుకున్నాను. చివరికి క్రీట్ దీవిలోని మాలెమెను ఎంచుకున్నాను. 1941 మే 20న జర్మన్ పారాచూట్ దళాలు అక్కడ దిగాయి, రెండు రోజుల్లోనే విమానాశ్రయం వాళ్ల చేతిలోకి వెళ్లింది, దాంతో దీవి మొత్తం పోయింది. దాన్ని కాపాడవలసిన న్యూజిలాండ్ సైనికులు పిరికివాళ్లు కారు, వాళ్ల కమాండర్ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందినవాడు. అటువంటివాళ్ల చేతిలోంచి అది ఎలా జారింది అన్నదే నాకు కావలసిన పాఠం. న్యూజిలాండ్ ప్రభుత్వం ప్రచురించిన అధికారిక చరిత్రను కంప్యూటర్ తెరమీద నిఘంటువు పక్కన పెట్టుకుని పది రోజులు చదివాను, పాత క్యాలెండరు కాగితాల వెనక పటాలు గీసుకున్నాను.

నేల విషయంలో నాకు మొదటి చిక్కు కొండ దగ్గర వచ్చింది. మాలెమె విమానాశ్రయానికి ఉత్తరాన సముద్రం, పడమట తావ్రోనిటిస్ అనే నది, దక్షిణాన 107 మీటర్ల ఎత్తున్న ఒక కొండ. దాన్ని సైన్యం పటాల్లో 107వ కొండ అనే రాసుకున్నారు. ఆ కొండ ఎవరి చేతిలో ఉంటే రన్‌వే వాళ్ల తుపాకీ కింద ఉన్నట్టే. మా డెల్టాలో నేల పళ్లెంలా ఉంటుంది, ఎత్తు అంటే వంతెన లేదా గడ్డిమేటు. దాళ్వా కోతలు అయిపోయి మా తమ్ముడు వేసిన గడ్డిమేటు కళ్లానికి దక్షిణం పక్కనే ఉంది, అదే 107వ కొండ అయింది. ఉత్తరాన ఉన్న చేపల చెరువు సముద్రం. పడమట ఎండిన పంటకాలువ తావ్రోనిటిస్. ఇది అచ్చంగా సరిపోయింది, ఎందుకంటే ఆ నది కూడా ఆ రోజుల్లో చాలాభాగం ఎండి రాళ్లు తేలి ఉంది. దాని మీద ఒక వంతెన ఉండేది, మాకూ కాలువ మీద చిన్న వంతెన ఉంది. ఆలివ్ తోటలకు బదులు కొబ్బరితోట. ఆ తోట గడ్డిమేటుకూ కాలువకూ మధ్యన అడ్డంగా ఉండడం నేను కావాలని చేసింది కాదు. మొత్తం ఆట ఆ తోట వల్లే అలా తిరిగింది.

ఇరవై ఆరుమంది వచ్చారు. వాళ్లలో నలుగురు ఎన్‌సీసీలో ఉన్న ఆడపిల్లలు. పద్నాలుగుమంది కాపలా, పన్నెండుమంది దాడి. అసలు కథ ఎవరికీ చెప్పలేదు, క్రీట్ అన్న పేరు కూడా ఎత్తలేదు. ఫోనులో వెతికేస్తారని నా భయం. ఫోనులన్నీ ఒక గంపలో వేయించి గుడ్డ కప్పాను. ఎవరు ముందు చూసి పేరు పెట్టి పిలిస్తే ఎదుటివాడు పడినట్టు, పడినవాడు పావుగంట పక్కన కూర్చోవాలి అన్నది మా చిన్నప్పటి దాగుడుమూతల నియమమే. జర్మన్ పారాచూట్ సైనికులు చాలామంది పిస్తోలు మాత్రం పెట్టుకుని దూకేవారు, తుపాకులు వేరే పెట్టెల్లో పడేవి, నేలకు దిగాక ఆ పెట్టెల కోసం వెతుక్కుంటూ ఎందరో చనిపోయారు. అందుకని దాడి జట్టువాళ్లు ముందు కొబ్బరితోటలో పడేసిన గోనెసంచులు వెతుక్కుని అందులోని ఎర్ర గుడ్డ చేతికి కట్టుకునేదాకా ఎవరినీ పిలవకూడదన్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం కబుర్ల గురించి. కాపలా జట్టు కమాండరు గడ్డిమేటు వెనకాల ఉండాలి. అతని కింద ఒక చిన్న జట్టు కళ్లం అంచున, మరొకటి కాలువ గట్టు మీద వంతెన దగ్గర. వాళ్లతో మాట్లాడాలంటే కాగితం మీద రాసి ఒక మనిషి చేత పంపాలి. ఆ మనిషి బయలుదేరేటప్పుడు నేను రూపాయి బిళ్ల ఎగరేస్తాను, బొమ్మ పడితే కాగితం చేరుతుంది, బొరుసు పడితే ఆ మనిషి దారిలో పడినట్టు. కాగితంతో సహా వచ్చి నా పక్కన కూర్చోవాలి, కానీ పంపినవాడికి ఆ సంగతి తెలియకూడదు. ఇది కుర్రవాళ్లకు అన్యాయంగా తోచింది. తోచనివ్వమన్నాను.

మే 20 సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. కమాండరుగా హోస్తోమెల్ ప్రశ్న అడిగిన కుర్రవాడినే పెట్టాను. తెలివైనవాడు, నెమ్మదైనవాడు, మాట మీద నిలబడేవాడు. మొదటి అరగంట కాపలా జట్టుది పండగ. సంచుల కోసం తోటలో తిరుగుతున్నవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తుంటే దాడి జట్టులో సగంమంది నా పక్కకు చేరారు. నిజంగా కూడా అలాగే జరిగింది. తీరం వెంట తూర్పుగా దిగిన ఒక జర్మన్ పటాలం న్యూజిలాండ్ సైనికుల నెత్తిమీదనే పడి దాదాపు నాశనమైంది. అయితే మా కాలువ పడమటి ఒడ్డున ఎవరూ లేరు, అక్కడ దిగిన అయిదుగురు తీరిగ్గా సంచులు వెతుక్కుని కాలువ అడుగున ఒంగి నడుస్తూ వంతెన కిందికి చేరారు. తావ్రోనిటిస్ అవతలి ఒడ్డును కాపలా లేకుండా వదిలేయడం మాలెమెలో జరిగిన మొదటి పొరపాటు. నేను వదిలేయమని చెప్పలేదు, మా కమాండరు తనంతట తానే వదిలేశాడు. పద్నాలుగుమందితో ఎంత నేలను కాయగలం, అతన్ని తప్పుపట్టలేను.

అయిదింటికి వంతెన దగ్గరి నుంచి కేకలు వినిపించడం మొదలైంది. కమాండరుకు కొబ్బరితోట అడ్డం, ఏమీ కనిపించదు. మనిషిని పంపాడు, బొరుసు. పావుగంట చూసి మరొకణ్ణి పంపాడు, మళ్లీ బొరుసు. వంతెన జట్టు కూడా తన వంతుగా కాగితం పంపింది, అదీ చేరలేదు. ఆ కాగితంలో ఉన్నది నాకొక్కడికే తెలుసు: "ఇద్దరం పడ్డాం, ముగ్గురం ఉన్నాం, వాళ్లు వంతెన దాటలేదు, నీళ్లు పంపండి." దాన్ని చేతిలో పట్టుకుని గడ్డిమేటు వైపు చూస్తూ నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. నా ఉద్యోగమంతా ఆ కాగితాన్ని చేర్చడమే కదా.

అయిదున్నరకు అతను ఎదురుదాడికి దిగాడు. ట్యాంకులుగా వాడుకోమని నేనిచ్చిన రెండు పాత సైకిళ్ల మీద ఇద్దరిని, వాళ్ల వెనకాల నడుస్తూ మరో ఇద్దరిని వంతెన వైపు పంపాడు. ఒక సైకిలు చైను దారిలోనే ఊడిపోయింది. రెండోది కాలువలోకి దిగి అడుగున ఇంకా ఆరని బురదలో కూరుకుపోయింది. మాలెమెలో న్యూజిలాండ్ కమాండరు ఆండ్రూ పంపిన రెండు మటిల్డా ట్యాంకుల్లో ఒకదాని ఫిరంగికి గుండ్లు సరిపడక వెనక్కి మళ్లింది, రెండోది వంతెన కిందుగా నది అడుగుకు దిగి అక్కడే చిక్కుకుపోయింది. ఆ పోలిక నేను కల్పించినది కాదని తరువాత కుర్రవాళ్లకు నమ్మకం కలిగించడానికి పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూపించవలసి వచ్చింది.

ఆరున్నరకు పొద్దుగుంకింది. గడ్డిమేటు దగ్గర కమాండరుతో మిగిలినది నలుగురు. వంతెన దగ్గరి కేకలు ఆగిపోయాయి. ఆగిపోవడానికి కారణం దాడి చేసేవాళ్లు అలసిపోయి నీళ్ల కోసం వెనక్కి తగ్గడం. కమాండరు మాత్రం అక్కడ మనవాళ్లెవరూ మిగల్లేదనే అనుకున్నాడు. పై అధికారిగా నటిస్తున్న నా దగ్గరకు మనిషిని పంపి, తూర్పున ఉన్న పంపుషెడ్డు దాకా తగ్గవచ్చా అని అడిగించాడు. దానికి ఏం జవాబు చెప్పాలో నేను ముందే నిర్ణయించుకుని ఉన్నాను: "తప్పదనుకుంటే తప్పదు." ఏడింటికి అతను గడ్డిమేటు వదిలి వెళ్లిపోయాడు.

ఏడుంబావుకు వంతెన జట్టులోని ముగ్గురు, కళ్లం అంచున ఉన్న ఇద్దరు చీకట్లో తడుముకుంటూ గడ్డిమేటు దగ్గరకు వచ్చారు. వాళ్లు ఓడిపోలేదు. తమ చోటు వదలలేదు. కమాండరు దగ్గర నీళ్లు తీసుకుని రాత్రంతా ఉండడానికి మళ్లీ వెళ్లిపోదామని వచ్చారు. అక్కడ ఫోనుల గంప, దాని మీద కప్పిన గుడ్డ తప్ప ఎవరూ లేరు. ట్రాక్టరు నడిపే కుర్రవాడొకడు ఆ గంప పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పంపుషెడ్డు దగ్గర కమాండరు కనిపించగానే మాత్రం మా వైపు మాటల్లో ఇక్కడ రాయదగనిది ఒకటి అన్నాడు. వాళ్లిద్దరే ఆ వారం రోజులూ మాట్లాడుకోనివాళ్లు.

ఆ రాత్రి పంపుషెడ్డు దీపం కింద అసలు కథ చెప్పాను. 22వ న్యూజిలాండ్ బెటాలియన్, దాదాపు ఆరువందల మంది, కమాండరు లెఫ్టినెంట్ కర్నల్ లెస్లీ ఆండ్రూ. ఉదయం బాంబుదాడికే టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. వైర్‌లెస్ సెట్టు బలహీనంగా పనిచేసింది. ఆపద వస్తే సాయానికి రావలసిన 23వ బెటాలియన్‌కు సంకేతంగా వెలుగు గుండ్లు కాల్చారు, ఆ దుమ్ములో ఎవరూ చూడలేదు. తన బెటాలియన్‌లోని దళాలైన, రన్‌వే అంచున ఉన్న సి కంపెనీ, వంతెన దగ్గర ఉన్న డి కంపెనీ ఏమయ్యాయో ఆండ్రూకు తెలియలేదు. సాయంత్రం అయిదింటికి 23వ బెటాలియన్‌ను ఎదురుదాడికి పంపమని తన పై అధికారి బ్రిగేడియర్ హార్గెస్ట్‌ను అడిగితే, అది తన చోటనే పారాచూట్ సైనికులతో తలపడుతోందని జవాబు వచ్చింది. ట్యాంకులు విఫలమయ్యాక వెనక్కి తగ్గవలసి రావచ్చని ఆండ్రూ చెప్పాడు. హార్గెస్ట్ జవాబే నేను మా కమాండరుకు పంపించినది. ఆ రాత్రి ఆండ్రూ 107వ కొండను వదిలాడు. సి, డి కంపెనీలు దెబ్బతిన్నా తమ చోట్లలో నిలబడే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక తమ బెటాలియన్ వెళ్లిపోయిందని తెలుసుకుని అవి కూడా తగ్గాయి. సాయంగా వచ్చిన, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల కంపెనీ ఒకటి చీకట్లో విమానాశ్రయం దగ్గరిదాకా నడిచి వచ్చి తిరిగిపోయింది.

ఏథెన్స్‌లో కూర్చున్న జర్మన్ సేనాని ఆ రాత్రి తాను ఓడిపోయాననే అనుకున్నాడు. అతని పేరు కర్ట్ స్టూడెంట్ అని చెప్పినప్పుడు ఆ కోపంలోనూ కుర్రవాళ్లు నవ్వారు, పరీక్షలో స్టూడెంట్ పాసయ్యాడన్నమాట అన్నారు. తెల్లవారాక అతను ఒకే ఒక రవాణా విమానాన్ని మాలెమెలో దింపి చూడమని క్లైయె అనే కెప్టెన్‌ను పంపాడు. ఆ విమానం దిగింది, మళ్లీ లేచింది. కొండమీద ఎవరూ లేరని స్టూడెంట్‌కు అప్పుడు తెలిసింది. మే 21 సాయంత్రానికి ఫిరంగి గుండ్లు పడుతుండగానే యుంకర్స్ రవాణా విమానాలు రన్‌వే మీదికి దిగి, పర్వత దళ సైనికులను దింపడం మొదలుపెట్టాయి. కొన్ని పగిలాయి, కొన్ని కాలిపోయాయి, పగిలినవాటిని పక్కకు ఈడ్చి మరికొన్నిటిని దింపారు. ఆ రాత్రి 20వ బెటాలియన్, 28వ మావోరీ బెటాలియన్ చేసిన ఎదురుదాడి ఆలస్యంగా మొదలై, విమానాశ్రయం అంచుకు చేరేసరికి తెల్లవారిపోయింది. పగటిపూట ఆకాశమంతా జర్మన్లదే. జూన్ 1 నాటికి క్రీట్ వాళ్లదైంది. అదే దీవిలో రెథిమ్నోలో ఆస్ట్రేలియన్ సైనికులు తమ విమానాశ్రయాన్ని మే 30 దాకా వదలలేదు. మాలెమె పోయాక వాళ్ల నిలకడకు దారి మిగల్లేదు. గెలిచినవాళ్లకు కూడా చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి నాలుగువేల దగ్గర అయ్యేసరికి హిట్లర్ అంత పెద్ద పారాచూట్ దాడికి మళ్లీ అనుమతి ఇవ్వలేదు.

కమాండరు కుర్రవాడు ఇదంతా విని, "మీరు ముందే చెప్పి ఉంటే నేను వదిలేవాణ్ణి కాదండి" అన్నాడు. అది నిజమే. అయితే ఆండ్రూకు కూడా ఎవరూ ముందే చెప్పలేదు. ఆండ్రూను తప్పుపట్టిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి, నేను మాత్రం ఆ తీర్పులో చేరలేను. దానికి కారణం నా సొంతం. లోయలో ఉద్యోగం చేస్తున్న ఒక చలికాలపు రాత్రి, ఎదుటి గుట్ట మీది మా చౌకీ వైర్‌లెస్ సెట్టు దాదాపు రెండు గంటలు పలకలేదు. ప్రతి అయిదు నిమిషాలకూ పిలిచి, జవాబు లేకపోతే పుస్తకంలో "సంబంధం లేదు" అని రాయడం నా పని. ఇరవై రెండుసార్లు రాశాను. పదిహేనోసారి రాసేటప్పటికి నా మనసులో ఆ చౌకీలో ఎవరూ బతికిలేరు, వాళ్లలో నాతో భోజనం చేసిన తమిళ కుర్రవాడి ఇంటికి ఎవరు ఉత్తరం రాస్తారన్న దాకా వెళ్లిపోయాను. చలికి బ్యాటరీ దిగిపోయింది, అంతే. తెల్లవారుజామున వాళ్లు కొత్త బ్యాటరీతో పిలిచి, టీ పొడి పంపమన్నారు. ఆ రాత్రి వెనక్కి తగ్గే అధికారం నా చేతిలో ఉంటే ఏం చేసి ఉండేవాణ్ణో నాకు తెలుసు, అందుకే ఆండ్రూ గురించి గొంతు పెంచలేను.

శ్రీనగర్ సంగతి దాచుకున్నది దీనికోసమే. 1947 అక్టోబరు 27న ఢిల్లీ నుంచి డకోటా విమానాల్లో 1 సిఖ్ బెటాలియన్‌ను తీసుకువెళ్లిన లెఫ్టినెంట్ కర్నల్ దీవాన్ రంజిత్ రాయ్‌కు, ముందు విమానాశ్రయం మీద చక్కర్లు కొట్టి అది పాకిస్తాన్ వైపునుంచి కాశ్మీర్ మీదికి వచ్చిన దాడిదారుల చేతిలో ఉందేమో చూడమని, ఉంటే జమ్మూకు మళ్లమని ఆదేశం. కింద ఎవరున్నారో తెలియకుండా బయలుదేరిన విమానాలవి. రాయ్ బారాముల్లా వైపు పోరులో చనిపోయారు, విమానాశ్రయం మాత్రం తెరిచే ఉంది. నవంబరు 3న దాడిదారులు దాన్ని మూసేయడానికి బడ్గాం మీదుగా వచ్చారు. అక్కడున్నది మేజర్ సోమనాథ్ శర్మ నడిపిన 4 కుమావ్ బెటాలియన్ వారి ఒక కంపెనీ. హాకీ ఆటలో విరిగిన ఎడమ చేతికి పట్టీతోనే ఆయన అక్కడ ఉన్నారు, తుపాకులకు మ్యాగజీన్లు తానే నింపి ఇచ్చారు. శత్రువు యాభై గజాల్లో ఉన్నాడని, తాము ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గమని చివరి కబురు పంపిన కాసేపటికి మోర్టారు గుండు పడి చనిపోయారు. ఆ కంపెనీ నిలబడ్డ గంటల్లో విమానాశ్రయానికి మరికొంత సైన్యం చేరింది. మన దేశపు మొదటి పరమవీర చక్ర ఆయనదే. కుర్రవాళ్లకు ఆయన పేరు తెలుసు, ఫోటో కూడా తెలుసు. నేను వాళ్ల చేత గమనింపజేసినది వేరు: ఆ చివరి కబురు చేరింది. బడ్గాం ఇంకా ఉందని బ్రిగేడుకు తెలుసు.

ఆ ముసలి యుద్ధాలు మనకెందుకన్న పెద్దలు కూడా ఆ రాత్రి పంపుషెడ్డు దగ్గర ఉన్నారు. వాళ్లకు 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డ సంగతి గుర్తుచేశాను, తాడేపల్లిగూడెంలో ఆ యుద్ధకాలపు రన్‌వే ఇప్పటికీ ఉన్న సంగతి వాళ్లే గుర్తుచేసుకున్నారు. అంతటితో ఆ మాట ఆగింది.

నాలుగు రోజుల తరువాత రెండో ఆట. ఈసారి అందరికీ కథ తెలుసు. పాత కమాండరు ఆ పదవి వద్దన్నాడు, వంతెన జట్టులోకి వెళ్లాడు. ట్రాక్టరు కుర్రవాడి పక్కనే కూర్చోవలసి వచ్చింది, మాటలు లేకుండానే. కమాండరుగా ఎన్‌సీసీ అమ్మాయి ఒకామె నిలబడింది. ఆమె చేసిన మొదటి పని కాలువ అవతలి ఒడ్డున ముగ్గురిని పెట్టడం. రెండోది, బిళ్ల బొరుసు పడి కాగితాలు చేరకపోతే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచడం: "కబురు రాకపోతే ఉన్నామనే అనుకోండి, నేను కూడా అలాగే అనుకుంటాను." ఇది నాకు నచ్చింది. ఆరింటికి రెండు కాగితాలు దారిలో పోయాయి. ఆమె కబురు పంపడం మానేసి, గడ్డిమేటును ఇద్దరికి అప్పగించి తానే తోటలోంచి వంతెన దగ్గరకు వెళ్లింది. అక్కడివాళ్లు బాగానే ఉన్నారు. ఆమె తిరిగి వచ్చేలోపు దాడి జట్టు చెరువు గట్టు వెంట తిరిగి వచ్చి గడ్డిమేటు ఎక్కేసింది. ఎక్కినవాళ్ల బరువుకు మేటు ఒక పక్కకు జారిపోయింది, దాని సంగతి మా తమ్ముడితో ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడు కొండ దాడిదారులది, కళ్లమూ కాలువా కాపలావాళ్లవి. గెలిచింది ఎవరని రెండు జట్లూ నన్ను పట్టుకున్నాయి. నాకు తెలియలేదు, తెలియలేదనే చెప్పాను. చివరికి దారి చూపింది పాత కమాండరే: స్టూడెంట్ చేసినట్టు చేద్దాం, విమానం దిగితే వాళ్లది, దిగకపోతే మనది. గడ్డిమేటు వాళ్లు ఒక కుర్రవాణ్ణి సైకిలు మీద కళ్లం ఈ చివరినుంచి ఆ చివరికి తొక్కించాలి, కాలువ గట్టువాళ్లు అతను చివరికి చేరేలోపు పేరు పెట్టి పిలవాలి. అప్పటికి బాగా చీకటి పడింది. సైకిలు బయలుదేరింది, టార్చి లేదు. మూడువంతులు దాటాక కాలువ వైపునుంచి ఒక గొంతు పేరు పిలిచింది, అది ట్రాక్టరు కుర్రవాడిది. సైకిలు కుర్రవాడు తాను అప్పటికే అంచు దాటేశానన్నాడు. పాత కమాండరు దాటలేదన్నాడు, ట్రాక్టరు కుర్రవాడి తరఫున అతను మాట్లాడడం అదే మొదలు. నేను నిలబడ్డ చోటునుంచి నాకు సైకిలు చప్పుడు వినిపించింది గానీ సైకిలు కనిపించలేదు.

మూడోసారి పగటిపూట ఆడదామని ఆదివారం నిర్ణయించాం. ఆ ఆదివారం సైన్యం రాతపరీక్షకు సగంమంది విశాఖ వెళ్లారు. తరువాత జూన్‌లో కాలువకు నీళ్లు వదిలారు, వంతెన జట్టు కూర్చున్న చోట నడుములోతు ప్రవాహం వచ్చింది.